చలి రాని చలికాలం: సుఖాన్ని కూడా ఓర్చుకోవాలా?

పోయిన వారం వీడియోలో గీత రెండో అధ్యాయంలో వచ్చే శీతోష్ణాల శ్లోకం, అంటే పద్నాలుగో శ్లోకం గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ స్క్రిప్ట్ రాసేటప్పుడు ఒక విషయం కావాలనే పక్కన పెట్టేశాను. ఎనిమిది నిమిషాల వీడియోలో అది పట్టదు. పైగా అందులో నా తప్పు ఒకటుంది. కెమెరా ముందు చెప్పుకోవడానికి కొంచెం మొహమాటం వేసింది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

2023 డిసెంబర్ 25. ఆఫీసుకి సెలవు. నేనుండేది అమెరికాలో, మినియాపొలిస్ దగ్గర. మ్యాప్‌లో చూస్తే కెనడాకి ఆనుకుని ఉండే మిన్నెసోటా రాష్ట్రం. ఇక్కడ క్రిస్మస్ అంటే నేల కనపడకూడదు, అంతా తెల్లగా ఉండాలి. ఆ రోజు మాత్రం బయట వాన పడుతోంది. మంచు కాదు, మన నంద్యాలలో ఆషాఢంలో పడే ముసురు లాంటి వాన. టెంపరేచర్ 50 ఫారెన్‌హీట్ దాటింది, అంటే మన లెక్కలో 10 డిగ్రీల పైన. డిసెంబర్ ఆఖరు వారంలో ఇక్కడ అది వింతే. నేను స్వెటర్ కూడా లేకుండా మేపుల్ గ్రోవ్‌లో ఉన్న హిందూ టెంపుల్‌కి వెళ్లాను.

పూజారి గారు సంకల్పం చెప్పిస్తున్నారు. శోభకృత్ సంవత్సరం, దక్షిణాయనం, హేమంత ఋతువు... హేమంతం అనగానే నా పక్కనున్నాయన కిటికీ వైపు చూసి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. హేమంతం అంటే హిమానికి దగ్గరి చుట్టం, మాట వింటేనే తెలుస్తుంది. నంద్యాలలో చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నా ఆ మాట నాకు పంచాంగంలో ఒక గడి మాత్రమే, మాకు మంచెక్కడిది? ఈ దేశానికి వచ్చాకే హేమంతం, శిశిరం అన్నవి నిజంగా ఉండే ఋతువులని తెలిసింది. తీరా అవి తెలిసిన చోటే ఆ మాట అబద్ధమైపోయింది.

ఆ రోజు నవ్వుకుని ఊరుకున్నాను. సంతోషపడ్డాను కూడా.

ఎందుకు సంతోషమో చెప్పాలంటే నా మొదటి చలికాలం గురించి చెప్పాలి. బీటెక్ తర్వాత 2018 ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను. ఐదు నెలలకే, 2019 జనవరి 30న, మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో మైనస్ 33. గాలి కలిస్తే ఒంటికి తగిలే చలి ఇంకా ఎక్కువ. ముక్కు లోపలి తడి గడ్డకట్టడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఊపిరి పీలిస్తే లోపల చిన్న ముళ్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మా రూమ్మేట్ ఒకడు తడి జుట్టుతో బస్ స్టాప్‌కి వెళ్లి, జుట్టు పుల్లల్లా గట్టిపడితే ఫోటో తీసి వాళ్లమ్మకి పంపాడు. ఆవిడ మూడు రోజులు ఏడ్చింది. ఆ నెలలోనే నేను శీతోష్ణాల శ్లోకం ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. చలి, వేడి, సుఖం, దుఃఖం వస్తాయి పోతాయి, ఓర్చుకో అని కృష్ణుడు అర్జునుడికి చెప్పిన మాట. మందపాటి జాకెట్‌తో పాటు అదీ ఒక జాకెట్ అన్నమాట.

తర్వాత కొన్ని చలికాలాలు అలాగే గడిచాయి. 2022-23 సీజన్‌లో అయితే ఇక్కడ 90 అంగుళాల మంచు పడింది. మామూలుగా పడేది 51 అంగుళాలు. రికార్డులు మొదలైనప్పటి నుంచీ చూస్తే అది మూడో స్థానం. ఆ ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున నాకు ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ ఉంది, కారేమో మంచులో కూరుకుపోయింది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మంచు తోసే పెద్దాయన ఒకరున్నారు. అరవై దాటి ఉంటాయి. సొంత పికప్ ట్రక్కుకి ముందు ఇనుప ప్లౌ బిగించుకుని, తెల్లవారకముందే వచ్చి మంచంతా ఒక మూలకి తోసి వెళ్తుంటారు. ఆయన ట్రక్కు ఆపి, దిగి, పార తీసుకుని నాతో పాటు పావుగంట తవ్వారు. నేను ఇరవై డాలర్లు ఇవ్వబోతే తీసుకోలేదు. ‘నీ పార చాలా చిన్నది, ముందు పెద్దది కొనుక్కో’ అన్నారు. అంతే మా పరిచయం. పేరు కూడా అడగలేదు నేను.

ఇక 2023-24. నవంబర్ పోయింది, డిసెంబర్ పోయింది, మంచు లేదు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలూ కలిపి చూస్తే మినియాపొలిస్ జంట నగరాల చరిత్రలోనే అతి వెచ్చని చలికాలం అది. ఇక్కడి జనం దానికి పోగొట్టుకున్న చలికాలం అని పేరు పెట్టుకున్నారు. ఉత్తరాన అప్పర్ రెడ్ లేక్ అని పెద్ద చెరువుంది. గడ్డకట్టిన మంచు మీద కూర్చుని, బెజ్జం చేసి చేపలు పట్టడం ఇక్కడివాళ్లకి మనకి సంక్రాంతి పందేల్లాంటిది. డిసెంబర్ 29న ఆ మంచు ఒడ్డు నుంచి విడిపోయి, వందమందికి పైగా జనం తేలుతున్న మంచుపలక మీద చిక్కుకుపోయారు. అందరినీ కాపాడారనుకోండి. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. అయినా వెళ్లారు. ఎందుకంటే ప్రతి ఏడూ ఆ రోజుల్లో మంచు ఉండేది కదా! అలవాటు కాలెండర్‌ని నమ్ముతుంది, చెరువు నమ్మదు.

జనవరి చివర్లో జరగాల్సిన జాన్ బేర్‌గ్రీజ్ కుక్కల బండి పందెం రద్దయింది. ఈ బేర్‌గ్రీజ్ ఎవరంటే, 19వ శతాబ్దం చివర్లో సుపీరియర్ సరస్సు ఒడ్డున రోడ్లు లేని ఊళ్లకి చలికాలంలో కుక్కల బండి మీద ఉత్తరాలు మోసిన అనిషినాబె తెగ మనిషి. మంచు ఆయనకి అడ్డంకి కాదు, దారి. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నాకు మంచు అంటే ఆఫీసుకి లేటవడం. ఇక్కడివాళ్లకి అదొక నేల, ఏడాదిలో నాలుగైదు నెలలు మాత్రమే తెరుచుకునే నేల.

నేనేం చేశానంటే, హాఫ్ హ్యాండ్స్ టీషర్ట్‌తో చెరువు పక్కన నిలబడి ఫోటో దిగి, ‘బెస్ట్ వింటర్ ఎవర్’ అని స్టేటస్ పెట్టాను. జనవరిలో ఒక రోజు గ్యాస్ స్టేషన్‌లో ఆ ప్లౌ పెద్దాయన కనపడ్డారు. నేనే పలకరించి, వెదర్ ఎంత బావుందో కదా అన్నాను. మనవాళ్లం అక్కడ మాట కలపడానికి అంతకంటే వేరే టాపిక్ ఉండదు. ఆయన ఒక్క క్షణం చూసి, ‘నీకు బావుంది కదా, సంతోషం’ అన్నారు. వెటకారంగా కాదు, మామూలుగానే. తర్వాత నేను అడిగితే చెప్పారు. ఆయనకి డబ్బులు నెల జీతంగా రావు, ఎన్నిసార్లు మంచు తోస్తే అన్నిసార్లకి వస్తాయి. పోయిన ఏడాది ఇరవై సార్లకి పైనే వచ్చారు మా పార్కింగ్‌కి. ఈ ఏడాది అప్పటికి ఒక్కసారి. ట్రక్కు మీద లోన్ ఉంది. ఇదంతా చెప్పి, ‘పోయిన ఏడాది బాగా జరిగింది, ఈ ఏడాది జరగలేదు’ అని కాఫీ తీసుకుని వెళ్లిపోయారు.

వాల్‌పేపర్‌లో శ్లోకం పెట్టుకున్నది నేను. ఓర్చుకోవడం ఎలాగో చూపించింది ఆయన. సరే, ఇది అందరూ ఊహించే మాటే. నన్ను కుదిపింది ఇది కాదు.

ఆ వారంలోనే అమ్మ ఫోన్ చేసింది. ‘ఏం నాయనా, ఈ యేడు అక్కడ చలి లేదంట కదా. పోనీలే, దేవుడు చల్లంగ చూసినాడు’ అంది. నేను పగలబడి నవ్వాను. చలి లేకుండా చేసినందుకు దేవుడు చల్లగా చూశాడట! ఆలోచిస్తే మన తెలుగులో దీవెనలన్నీ చల్లనివే. చల్లగా ఉండు, కడుపు చల్లగా, చల్లని తల్లి. ఎండలో పుట్టిన భాష కదా, మంచి అంటే చల్లదనమే అనుకుంది. ఇక్కడి ఇంగ్లీషులో మనసున్న మనిషిని వెచ్చని మనిషి అంటారు. ఎవరికి ఏది తక్కువైతే వాళ్లకి అదే దేవుడి దయ.

నేను ఇదంతా అమ్మకి చెప్తుంటే, ఆమె సగం విని, ‘సరేలే గానీ, మీ మామ పత్తి సగం గూడా రాలేదు. శనగ ఏసినాడు, మొలక సరింగ లేదు. బోరులో నీళ్లు అడుగంటినాయి’ అంది. ఆ ఏడాది ఆగస్టు గుర్తుందా మీకు? 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. రాయలసీమలో చాలా మండలాల్ని కరువు మండలాలుగా ప్రకటించారు. నేను ‘అయ్యో’ అన్నాను. కొంచెం డబ్బులు పంపుతానన్నాను. ఒకే ఫోన్ కాల్‌లో నా వెచ్చని చలికాలం గురించీ మామ ఎండిన చేను గురించీ మాట్లాడుకున్నాం. రెండూ రెండు వేరు సంగతులనుకున్నాం.

కావు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, ఏదైనా వింతగా కనపడితే లాగ్స్ తవ్వే అలవాటు. ఈ చలికాలం బద్దలు కొట్టిన పాత రికార్డు ఎప్పటిదా అని వెతికాను. 1877-78 చలికాలం. మిన్నెసోటా చరిత్రలో దానికి ‘చలికాలం లేని ఏడాది’ అని పేరు. లేక్ మిన్నెటోంకాలో గడ్డకట్టిన మంచు ఏ ఏడాది ఎప్పుడు కరిగిందో రాసి పెట్టుకుంటారు. ఆ చిట్టాలో అన్నిటికన్నా తొందరగా కరిగిన తేదీ 1878 మార్చి 11. ఆ ఏడాది అంత వెచ్చగా ఉండటానికి పెద్ద కారణం ఎల్ నీనో. పసిఫిక్ సముద్రంలో భూమధ్యరేఖ దగ్గర నీళ్లు మామూలు కంటే బాగా వేడెక్కుతాయి, దాంతో గాలుల దారులు మారతాయి. అమెరికా ఉత్తరాన చలి తగ్గుతుంది. మన దగ్గర తరచుగా ఋతుపవనాలు దెబ్బతింటాయి. 1877లో వచ్చింది చాలా బలమైన ఎల్ నీనో.

1877 అనగానే నాకు ఇంకేదో తట్టింది. మా అవ్వ చిన్నప్పుడు మేం అన్నం పారేస్తే ‘ధాత కరువు చూసినోళ్లని అడుగు’ అనేది. ఆమె కూడా చూసింది కాదు, వాళ్ల అవ్వ చెప్పగా విన్నది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. ఆ తర్వాతది ఈశ్వర, 1877-78. మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఆ కరువులో అల్లాడిపోయాయి. మొత్తం కరువులో యాభై లక్షల మందికి పైగా చనిపోయారు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజు కూలి 1 పౌండు ధాన్యం, 1 అణా అని ఖాయం చేశాడు. 1 పౌండు అంటే అరకేజీ కూడా కాదు. మనం చిన్నప్పుడు సోషల్‌లో చదివిన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ రోజుల్లో అలా తవ్విందే. దేశంలో ధాన్యం ఉంది, ఎగుమతి కూడా అవుతోంది. వాన పడకపోవడానికి సముద్రం కారణం, అంతమంది చావడానికి మనుషుల నిర్ణయాలు కారణం.

అదే సమయంలో, అదే సముద్రం వల్ల, మిన్నెటోంకా ఒడ్డున ఎవరో ఒకాయన కోటు లేకుండా బయటికొచ్చి ‘ఆహా, ఏం చలికాలం!’ అనుకుని ఉంటాడు కదా. ఆయనకి కర్నూలు సంగతి తెలియదు. తెలిసే దారీ లేదు. కాబట్టి ఆయన తప్పేం లేదు. నాకైతే అమ్మ ఫోన్‌లో చెప్పింది.

ఆ రాత్రి స్టేటస్ ఫోటో తీసేశాను. కానీ తీసేయడం వల్ల ఏం తేలింది? వెచ్చగా ఉంటే ఒంటికి హాయిగా ఉంటుంది, అది నేను ఆపలేను. నా హాయి వల్ల మామ పత్తి ఎండలేదు. రెండూ ఒకే కారణం వల్ల జరిగాయి, ఒకదాని వల్ల ఇంకొకటి జరగలేదు. లాజిక్‌గా చూస్తే నేను నిర్దోషినే. మరి ఎందుకు తప్పు చేసినట్టు అనిపించింది? అసలు మరొకరి కష్టం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి నుంచే వచ్చిన సుఖాన్ని అనుభవించవచ్చా?

గుడిలో ఒక ఫ్రెండ్‌ని అడిగితే, ‘ఇదంతా కలి ప్రభావం బ్రో, కలియుగంలో వానలు సరిగా పడవని పురాణాల్లోనే ఉంది’ అన్నాడు. నిజంగా చెప్తున్నా, ఈ మాట నాకు నచ్చదు. పురాణాల మీద గౌరవం లేక కాదు. సర్వర్ డౌన్ అయితే మీటింగ్‌లో ‘సర్వర్ రాత అలా ఉంది సార్’ అంటే మేనేజర్ ఊరుకుంటాడా? ఎల్ నీనో ప్రకృతిది, అది ఎప్పటి నుంచో వస్తోంది, పోతోంది. కానీ 1877 నాటి రికార్డుని 2024 దాటడంలో మనం కాల్చిన బొగ్గు, పెట్రోలు చేసిన వేడి కూడా ఉంది. ఇక్కడ నాలుగు కాలాల్లోనూ వేగంగా వేడెక్కుతున్నది చలికాలమే. ఏడాదికోసారి నంద్యాలకి ఫ్లైట్ ఎక్కే నేను కూడా ఆ లెక్కలో ఉన్నాను. కలి అంటే ఈ బిల్లు ఎవరి పేరు మీదా రాయక్కర్లేదు. అందుకే ఆ మాట హాయిగా ఉంటుంది.

మళ్లీ ఆ శ్లోకం దగ్గరికే వచ్చాను. వివేకచూడామణిలో తితిక్షని దుఃఖంతో ముడిపెట్టి చెప్తారు, ఎదురు తిరగకుండా, వాపోకుండా కష్టాన్ని మోయడం అనే అర్థంలో. నేనూ ఇన్నేళ్లూ అంతే అనుకున్నాను. ఓర్పు అంటే చలికి, నొప్పికి, ఆన్‌కాల్ డ్యూటీకి. కానీ గీతలో కృష్ణుడు పెట్టిన జాబితా చూడండి. చలి ఒక్కటే లేదు, వేడి కూడా ఉంది. దుఃఖం ఒక్కటే లేదు, సుఖం కూడా ఉంది. అన్నిటికీ కలిపి ఒకటే మాట, ఓర్చుకో. సుఖాన్ని ఓర్చుకోవడమేమిటి? ఐదేళ్లు ఆ శ్లోకాన్ని రోజూ ఫోన్‌లో చూసినా ఈ ప్రశ్న నాకు రాలేదు. మైనస్ 33లో ఎందుకొస్తుంది లెండి.

నాకు ఇప్పుడు అనిపిస్తున్నది ఇది. తప్పయితే చెప్పండి. నొప్పి మనిషిని ఎలా గుడ్డివాణ్ని చేస్తుందో, హాయి కూడా అలాగే చేస్తుంది. నొప్పిలో ఉన్నవాడు లోకమంతా చెడ్డదే అంటాడు. హాయిలో ఉన్నవాడు ‘బెస్ట్ వింటర్ ఎవర్’ అంటాడు. ఇద్దరూ తమ చర్మానికి తగిలినదాన్ని పట్టుకుని లోకానికి తీర్పు చెప్తున్నారు. సుఖాన్ని ఓర్చుకోవడం అంటే సుఖపడొద్దని కాదు. ఎండ కాస్తే కాయనీ, వాకింగ్‌కి వెళ్లొచ్చు. కానీ అది మంచిదా కాదా అనే ప్రశ్నకి నా చర్మం చెప్పిన జవాబు చాలదు. నా తప్పు వెచ్చదనాన్ని ఇష్టపడటం కాదు. ఆ ఇష్టాన్నే తీర్పుగా రాసి స్టేటస్ పెట్టడం, దాన్నే తీసుకెళ్లి లోన్ కట్టుకునే పెద్దాయన ముందు పెట్టడం.

ఇంకో అనుమానం మీకు వచ్చే ఉంటుంది. అన్నీ ఓర్చుకోమంటే ఇక ఏదీ మార్చక్కర్లేదా? పర్యావరణం, కరువు, అన్నీ వస్తాయి పోతాయి అని కూర్చోవచ్చా? ఈ వాదన నేను సత్సంగాల్లో కూడా విన్నాను. కానీ ఓర్చుకో అన్న నాలుగు శ్లోకాలకే, పద్దెనిమిదో శ్లోకంలో, కృష్ణుడు అర్జునుణ్ణి యుద్ధం చెయ్యమంటాడు. ఓర్చుకోవడం పనికి ముందు మెట్టు అన్నమాట, పనికి బదులు కాదు. పైగా వచ్చిపోయేవి అని ఆయన చెప్పిన చలికీ వేడికీ వెనక, అవి వేళకి వచ్చిపోయేలా చేసే ఒక క్రమం ఉంది. వేదంలో దానికి ఋతం అని పేరు. ఋతువు, ఋతం ఒకే ధాతువు నుంచి వచ్చాయంటారు. చలిని ఓర్చుకోవచ్చు. చలి రావాల్సిన వేళకి రాకపోవడాన్ని కూడా అదే లెక్కలో వేసి ఓర్చుకోవాలా? ఇక్కడ నాకు పూర్తి జవాబు లేదు. నేను చేసిందల్లా చిన్నది: ఏడాదికి ఒక ప్రయాణమే అని తేల్చుకున్నాను, మామ పొలంలో డ్రిప్ పైపులకి డబ్బు పంపాను, పోటీగా ఇంకో బోరు వేస్తానంటే మాత్రం ఇవ్వనన్నాను. దాని మీద మామకీ నాకూ రెండు నెలలు మాటల్లేవు. ఎవరు రైటో ఇప్పటికీ తెలియదు. అమెరికాలో కూర్చుని నీళ్ల గురించి నీతులు చెప్తున్నానని ఆయన అన్న మాట పూర్తిగా అబద్ధమూ కాదు.

2024 మార్చి 25, హోలీ. ఫాల్గుణ పౌర్ణమి, అంటే శిశిరం ఇంకో పదిహేను రోజుల్లో అయిపోతుంది. అప్పుడొచ్చింది మంచు. ముందు రోజు నుంచీ పడుతూనే ఉంది, తడి మంచు, బరువైనది. తెల్లవారుజామున ఐదింటికి కింద ఇనుము నేలకి రాసుకునే గరగర చప్పుడుకి మెలకువ వచ్చింది. ఇదివరకు ఆ చప్పుడు వింటే తిట్టుకుని దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. జాకెట్ వేసుకుని పార తీసుకుని కిందకి దిగాను, ఈసారి పెద్ద పారే. పెద్దాయన అద్దం దించి పారని చూశారు. ‘నీ కారు ఆ పక్కకి తీస్తే ఇదంతా ఒకేసారి తోసేస్తా’ అన్నారు. తీశాను.

అద్దం మీద మంచు గీకుతుండగా అమ్మ ఫోన్. అక్కడ మధ్యాహ్నం మూడున్నర. కరెంటు పోయిందట, ఎండ నలభై దాటిందట, మామ ఇంకా కోపంగానే ఉన్నాడట. పెట్టేసే ముందు అలవాటుగా ‘చల్లంగ ఉండు నాయనా’ అంది.

ఉన్నానమ్మా, మోకాళ్ల దాకా ఉన్నాను అన్నాను.